మంచు బండిలో నారు

ఇనారి నుంచి ఇవలో దాకా
రాత్రి రెండింటికి బయల్దేరితే
నలభై కిలోమీటర్ల తెల్లటి చీకటి.
బండి ముందు ఇనుప రెక్క
మంచుని పక్కకి తోస్తూ పోతుంది,
వెనకాల మళ్లీ కురుస్తూనే ఉంటుంది.
ఇరవై రెండేళ్లుగా ఇదే నా సేద్యం:
దున్నడమే, విత్తేది లేదు.

ఈ జనవరిలో విత్తాను.

దగ్గుబిళ్లల రేకు డబ్బా,
అందులో తడిపిన కాఫీ వడపోత కాగితం,
మడతలో పదకొండు మిరప గింజలు.
డిపోలో మెకానిక్ ఓస్మో ఇచ్చాడు.
"నీ ఇంట్లో మొలవవు, ఆవునే, పందెం" అన్నాడు
అప్పుడే గెలిచినట్టు.
నిజమే, నా కిటికీ గట్టు మీద పదహారు డిగ్రీలు,
మిరపకి కావాల్సింది ఇరవై ఎనిమిది.
ఈ చుట్టుపక్కల రాత్రంతా
అంత వెచ్చగా ఉండే చోటు నాకు తెలిసి ఒక్కటే:
నా కుడి మోకాలి పక్కన, హీటరు మూతి.

డబ్బాని అక్కడ టేపుతో అంటించాను.
బయట మైనస్ ముప్పై ఒకటి.
గింజలకేం తెలుసు
తాము ప్రయాణంలో ఉన్నామని?
ఎక్కడో ఎండ కాసే మట్టిలో
పడుకున్నామనుకుని ఉంటాయి.
నేనూ చెప్పలేదు.
రెయిన్‌డీర్ల మంద అడ్డొచ్చి
బ్రేకు తొక్కిన రాత్రి
ముందు తడుముకున్నది డబ్బానే,
తర్వాతే నా నుదురు.

ఐదో రోజు ఏమీ లేదు.
ఎనిమిదో రోజు ఏమీ లేదు, కాస్త ముక్క వాసన.
పదో రోజు మూత తీయలేదు,
నమ్మకం పోయి కాదు, రోడ్డు బాగాలేదు.
పన్నెండో రాత్రి
ఖాళీ బస్టాపు దగ్గర బండి ఆపి
లోపలి దీపం వేసి చూస్తే
ఒక గింజ పగిలి,
వంకరగా, తెల్లగా,
నా చిటికెన గోటిలోని నెలవంకంత
వేరు.

ఆ వేళప్పుడు ఎవరికి చెప్పను?
రేడియోలో కంట్రోల్ రూముని పిలిచాను.
"మొలిచింది" అన్నాను.
అవతల కాయిసా కాసేపు ఆగి
"రోడ్డు మీదా?" అంది.

తర్వాతదంతా ఇంట్లో.
పెరుగు కప్పులు, అడుగున సూది బెజ్జాలు,
పైన ఒక నీలపు దీపం.
అప్పటికి సూర్యుడు కూడా
రోజుకి ఓ గంట కనపడుతున్నాడు,
అద్దెకి తెచ్చినట్టు.
మూడో మొలకకి పొట్టు తలమీదే ఇరుక్కుపోయింది,
టోపీ తియ్యనని మొండికేసిన పిల్లాడిలా.
గిల్లితే తల తెగుతుంది.
నోట్లో వేలు పెట్టి, ఉమ్మి అద్ది,
గంట ఆగి, మళ్లీ అద్ది...
మా అమ్మ నా బుగ్గ మీది మసిని ఇలాగే తుడిచేది,
నాకు అసహ్యంగా ఉండేది.
పొట్టు జారింది.
రెండాకులు విచ్చుకున్నాయి,
చేతులు దులుపుకున్నట్టు.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు.
ఇక్కడ ఇద్దరూ నేనే.
ఎక్కువ పోసిన పాపమూ నాదే:
రెండు మొక్కలు మొదట్లో దారంలా సన్నబడి
ఒక్క పూటలో ఒరిగిపోయాయి.

జూన్‌లో పూలు,
తెల్లగా, ఏదో వెతుక్కుంటున్నట్టు కిందికి చూస్తూ.
కిటికీ తీస్తే దోమలొస్తాయి గానీ తేనెటీగలు రావు.
కనుబొమలు దిద్దుకునే పాత బ్రష్షు పట్టుకుని
పువ్వు పువ్వుకీ తిరిగాను
అర్ధరాత్రి ఎండలో,
నిద్రపట్టని ఈగలా.

ఆగస్టులో తొమ్మిది కాయలు.
ఒకటి డిపోకి పట్టుకెళ్లాను.
ఓస్మో సగం కొరికి,
మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి,
వెళ్లి ఒక టైరు మీద కూర్చున్నాడు.
ఆవాల కంటే కారం ఎరగని నేను
మిగతా సగం నాలిక చివర ఆనించాను.
ఎవరో అగ్గిపుల్ల గీశారు లోపల.
కళ్లు తుడుచుకుని వాడు
ఓడానని అనలేదు.
"గింజలు ఉంచావా?" అన్నాడు.

ఉంచాను. అదే డబ్బాలో.
మొదటి మంచు పడినప్పుడు
ఊళ్లో అందరూ ఆకాశాన్ని తిట్టుకుంటారు.
నేను బండెక్కి, ముందుగా,
హీటరు పనిచేస్తోందా అని
మూతి దగ్గర చెయ్యి పెట్టి చూస్తాను.